చేపల మేడకి కాశీ పెట్టె

కాశీ పెట్టె మూడోసారి అటక దిగింది.

మంగళవారం నారాయణమ్మ దింపించింది. దీపాల వేళకి ఆమె కొడుకు జగన్నాధం మళ్ళీ ఎక్కించాడు. బుధవారం మనవరాలు నీలవేణి నిచ్చెన వేసి దింపింది. జగన్నాధం పొలం నుంచి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా ఎక్కించాడు. గురువారం పొద్దున్న ఆయన పళ్ళు తోముకుని వచ్చేసరికి పెట్టె నడవలో ఉంది. మూత తెరిచి ఉంది. లోపల రెండు నేత చీరలు, ఒక శాలువా, మరచెంబు సర్ది ఉన్నాయి.

ఎవరు దింపారని కేక వెయ్యబోయి ఆగిపోయాడు. నిచ్చెన మీంచి ఇంకా దిగుతున్నది ఆయన భార్య లక్ష్మణమ్మ.

"నువ్వా?"

"అత్త దింపమంది. దింపినాను."

"నాను ఒద్దన్నాను గదా?"

"మీరొద్దన్నది అత్తతో. నాతో ఏటీ సెప్పలేదు."

ఇరవై రెండేళ్ళ కాపురంలో లక్ష్మణమ్మ ఆయనకి ఇలా జవాబు చెప్పడం ఇదే మొదలు. చెప్పేసి, తనే భయపడి, చీపురు కోసం వెతుక్కుంటున్నట్టు తలుపు వెనక్కి వెళ్ళింది.

జగన్నాధం అప్పుడు తల్లి మీదకి తిరిగాడు. నారాయణమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని కాళ్ళకి ఆముదం రాసుకుంటోంది. అరవై రెండేళ్ళ మనిషి. ప్రయాణానికి కాళ్ళు సిద్ధం చేసుకోవడం అంటే ఆమె ఉద్దేశంలో ఇదే.

"అమ్మా, ఆ పెట్టె ఎత్తించీ."

"ఎత్తించను."

"కాశీకి ఎల్లొచ్చిన పెట్టె అది. సేపల మేడకి మోసుకుపోతావేటి?"

"పెట్టెకేటి తెలుస్తాది నాయినా, అది కాశీ ఎల్లిందో కసింకోట ఎల్లిందో. తాళం సరిగ్గా పడతాదా లేదా, అంతే."

తలుపు వెనక చీపురు ఒక్కక్షణం ఆగింది. లక్ష్మణమ్మ నవ్వు ఆపుకుందని జగన్నాధానికి తెలిసింది. ఒళ్ళు మండిపోయింది.

ఇంతకీ గొడవంతా బల్ల మీద పెట్టి ఉన్న ఒక్క కాగితం గురించి. విజయనగరం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే సత్యానందం మేస్టారు డిసెంబరు సెలవుల్లో పన్నెండుమంది పిల్లల్ని బొంబాయి తీసుకెళ్తున్నారు. అక్కడ సముద్రపు ఒడ్డునే పెద్ద అక్వేరియం ఉంది. పదకొండుమంది మగపిల్లలు, పన్నెండోది నీలవేణి. ఇంటి పెద్ద ఆడమనిషి ఒకరు వెంట వస్తేనే అమ్మాయిని రానిస్తానని ఆయన రాశారు. తండ్రి సంతకం, తోడు వచ్చే మనిషి వేలిముద్ర పడిన కాగితం గురువారం సాయంత్రం అయిదింటిలోగా తన చేతికి రావాలన్నారు. రైలు రాయితీ కోసం పేర్ల జాబితా ఆ సాయంత్రమే వాల్తేరు వెళ్ళిపోతుంది.

కోతల రోజులు. లక్ష్మణమ్మ కదిలితే ఇరవైమంది కూలీలకి అంబలి కాచేవాళ్ళుండరు. "నాను ఎల్తాను" అంది నారాయణమ్మ. అక్వేరియం అనే మాట ఆమె నోట తిరగలేదు. చేపల మేడ అంది. మూడు రోజుల్లో ఇంట్లో అందరికీ అదే పేరు అలవాటైంది, కోపంలో ఉన్న జగన్నాధంతో సహా.

ఆయన అభ్యంతరం బొంబాయి దూరం కాదు. పదకొండుమంది కుర్రాళ్ళూ కాదు, అదీ కొంత ఉన్నా. పైకి చెప్పేది వేరు.

"కాశీలో సేపనొగ్గీసిన మనిషివి నువ్వు. తొమ్మిదేళ్ళయి ఈ ఇంటి గడప సేప తొక్కలేదు. ఊళ్ళో జగన్నాధంగారి తల్లి నియమం అని సెప్పుకుంటారు. నువ్వు బొంబాయి దాకా ఎల్లి గదుల నిండా సేపల్ని సూసొస్తే ఏటంటారు?"

"సూడ్డానికి ఎల్తన్నాను. తినడానికి కాదు."

"సూపు మాత్రం తిండి కాదేటి? ఒగ్గీసిన వస్తువుని కోరి సూడకూడదని బావ సెప్పినాడు."

బావ అంటే లక్ష్మణమ్మ అన్నగారు నరసింగరావు. శృంగవరపుకోటలో ఉంటాడు. నియమాలూ నిష్ఠలూ అనేసరికి ఆయనకి తెలియనిది లేదు. తెలియనిది ఉన్నా ఆగడు. నిన్న సాయంత్రం వచ్చి, ఈ ఉదయం మొదటి బస్సుకి పని మీద విజయనగరం వెళ్ళాడు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర జగన్నాధం ఆయన చెవిలో ఏదో చెప్పడం లక్ష్మణమ్మ చూసింది. ఏమిటని అడగలేదు.

"మీ బావ ఒగ్గీసిందేటో?" అని అడిగింది నారాయణమ్మ.

"ఆయన సంగతి ఇప్పుడెందుకు?"

"ఊరికే. తెలుసుకుందామని."

ఆమె గోడ పట్టుకుని లేవబోయింది. లక్ష్మణమ్మ వచ్చి ఎడమ జబ్బ పట్టుకుని లేపబోతే, నారాయణమ్మ "అమ్మో" అని చెయ్యి లాక్కుంది.

"ఏటయింది అత్తా?"

"ఏటీ లేదు."

"ఒళ్ళు కాలిపోతన్నాది!"

లక్ష్మణమ్మ అడక్కుండానే రవిక చెయ్యి పైకి జరిపింది. జబ్బ వాచి ఎర్రగా ఉంది. మధ్యలో నల్లటి చుక్క ఉంది.

"కలరా సూది" అంది నారాయణమ్మ, ఏదో చీమ కుట్టిందని చెప్పినంత తేలిగ్గా. "రైలెక్కాలంటే ఏయించుకోవాలంట. నిన్న నీలతో ఎల్లి ఏయించుకున్నాను. కాయితం కూడా ఇచ్చినారు. పెట్టెలో ఉన్నాది, శాలువా కింద."

జగన్నాధం తల్లి జబ్బ వైపు చూశాడు. ఈవిడ సూది మందు అంటే ఆసుపత్రి వీధి చివరి నుంచే వెనక్కి తిరిగే మనిషి. ఆయన తండ్రి పోయే ముందు ఆయనకి సూది వేస్తుంటే కూడా కళ్ళు మూసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు నాలుగు మైళ్ళు బస్సులో నిలబడి వెళ్ళి, సూది పొడిపించుకుని వచ్చి, రాత్రంతా జ్వరంతో పడుకుని, ఎవరికీ చెప్పలేదు.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పొలానికి వెళ్ళిపోయాడు.

పెట్టె మాత్రం ఎక్కించలేదు. లక్ష్మణమ్మ అది గమనించింది.

---

నూతి పళ్ళెం దగ్గర నీలవేణి నిన్నటి తడి ఇంకా వదలని తల ఆరబెట్టుకుంటోంది. నిన్న కాలేజీలో సొరపిల్లని కోసే ప్రాక్టికల్. అలాంటి రోజుల్లో ఆ పిల్ల వీధి గుమ్మంలోంచి ఇంట్లోకి రాకూడదు. పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి, నాలుగు చేదల నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుని, కట్టిన బట్ట తడిపి అప్పుడు గడప దాటాలి. కాలేజీలో చేరినప్పటి నుంచి అదే నియమం. వానాకాలం, చలికాలం తేడా లేదు. నిన్నటి స్నానంతోబాటు జలుబు కూడా వచ్చింది.

"నాన్నమ్మా, మానీద్దాం" అంది నీలవేణి.

నారాయణమ్మ బట్టలుతికే రాయి మీద కూర్చుంది. "ఏటి మానీడం?"

"నీకు జ్వరం. రెండు రోజుల రైలు. సికిందరాబాదులో బండి మారాలి. నాకోసం నువ్వెందుకింత పడతావు?"

"టూరుకి ఎల్లకపోతే ఏటవుద్దన్నావు?"

నీలవేణి తల దించుకుంది. ఈ ప్రశ్నకి జవాబు ఇంట్లో అందరికీ తెలుసు. టూరు రికార్డు లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకి రానివ్వరు. పరీక్ష తప్పిందంటే చదువు మానిపించేస్తానని జగన్నాధం కాలేజీలో చేర్పించిన నాడే చెప్పాడు.

"సెప్పు."

"చదువు పోతాది."

"మరి మానీద్దాం అంటావేటే? నీకు జలుబు సేస్తే నీ బుర్ర కూడా పట్టీసిందా?"

నీలవేణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముక్కు తుడుచుకుంది.

"ఆ పుస్తకం ఇలా తే" అంది నారాయణమ్మ.

రికార్డు పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టింది. నారాయణమ్మకి అక్షరం రాదు. బొమ్మలు మాత్రం ఒక్కొక్కటే వేలితో తడిమి చూస్తుంది. చందువా చేప బొమ్మ దగ్గర ఆగింది.

"దీని తోక ఇలాగుండదు. ఇంకా సీలి ఉంటాది. కింద కొస కూసింత పొడుగు."

"పుస్తకంలో చూసి వేశాను."

"నాను ఇసకలో సూసినాను."

ఆమె పుట్టిల్లు కోనాడ పక్కన. వాళ్ళ నాన్న జీడి తోట దాటితే ఇసక, ఇసక దాటితే సముద్రం. చిన్నప్పుడు తెల్లవారితే పడవలు వచ్చే చోటికి పరిగెత్తేదట. ఏ చేప ఏ నెలలో కొవ్వెక్కుతుందో, దేన్ని పులుసు పెట్టాలో, దేన్ని ఎండబెట్టాలో అన్నీ చెప్తుంది. తొమ్మిదేళ్ళుగా నోట్లో పెట్టని వస్తువు గురించి అంత రుచిగా చెప్పే మనిషిని నీలవేణి ఇంకెక్కడా చూడలేదు.

"నీకోసమే ఎల్తన్నానని అనుకోకే" అంది నారాయణమ్మ. "నాక్కూడా సూడాలనుంది. నానెరిగిన సేపలన్నీ సచ్చినవో, సస్తన్నవో. ఇసకలో పడి నోరు తెరిసి మూసి, తెరిసి మూసి… అదే నాకు గురుతు. నీళ్ళలో దాని దారిన అది ఎలా పోతాదో ఒక్కసారీ సూడలేదు. అక్కడ అద్దంలోంచి కనిపిస్తాదన్నావు గదా?"

"కనిపిస్తాది. అన్ని వైపుల్నుంచీ."

"దానికి మనం కనిపిస్తామా?"

నీలవేణి ఆలోచించింది. "మేస్టార్ని అడగాలి."

"అడుగు. రైల్లో అడుగు" అని నారాయణమ్మ పుస్తకం మూసేసింది. ఆమె మనసులో రైలు అప్పటికే బయల్దేరిపోయింది. కాగితం మీద సంతకం మాత్రం ఇంకా పడలేదు.

---

పదకొండు గంటల వేళ జగ్గమ్మ కేక వినబడింది.

"సందువాలో… కోనాంలో…"

కోనాడ నుంచి బస్సులో తట్ట వేసుకుని వస్తుంది జగ్గమ్మ. ఊరంతా అరుస్తుంది గాని, జగన్నాధం ఇంటికి నాలుగు గడపల ముందు నోరు మూసుకుని, నాలుగు గడపల అవతల మళ్ళీ తెరుస్తుంది. ఇంటి నియమానికి ఆమె ఇచ్చే మర్యాద అది. ఆవేళ కూడా అలాగే నోరు మూసుకుని తల వంచుకుని పోతోంది.

"జగ్గీ! తట్ట దింపు."

జగ్గమ్మ అటూ ఇటూ చూసింది. నారాయణమ్మ వీధి గుమ్మంలో నిలబడి ఉంది.

"నన్నేనా అమ్మా?"

"నిన్నే. ఇలా అరుగు మీద దింపు."

"మీ ఇంటికాడా? బుగతగారు నన్ను సంపీస్తారు."

"ఆయన్ని కన్నది నాను. దింపు."

ఎదురింటి లక్ష్మీనరసమ్మ పేడనీళ్ళ బకెట్టుతో బయటికి వచ్చి, చల్లడం మరిచి నిలబడింది. జగ్గమ్మ తట్ట దింపి, పైన కప్పిన తాటాకు తీసింది. నారాయణమ్మ వంగి ఒక చందువా ఎత్తి, మొప్ప విప్పి చూసింది. తొమ్మిదేళ్ళయినా ఆ వేలు తడబడలేదు.

"నిన్నటిది కాదు గదా?"

"పొద్దున్న వలదే తల్లీ, నీ మీదొట్టు."

"నా మీద ఎందుకే, నీ సేప మీద ఎయ్యి ఒట్టు. లచ్చీ, జగ్గమ్మకి తవ్వెడు ధాన్యం పోయ్."

లక్ష్మణమ్మ లోపల్నుంచి వచ్చి, చేపని చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది. "అత్తా, మరి నియమం…"

"నియమం సంగతి నాకొగ్గీ. మన పాత కత్తిపీట ఎక్కడున్నాదో తియ్. ఈలోగా మట్టి దాక కడుగుతాను."

కత్తిపీట అటక మీద ఉంది. ఆ పూట అటక దిగిన రెండో వస్తువు అదే. తుప్పు పట్టి ఉంటే నీలవేణి బూడిద పెట్టి తోమింది. కాలేజీలో చేపల్ని కోసిన చెయ్యే అయినా, నాన్నమ్మ మొదటి చేపని మూడు విసుర్లలో శుభ్రం చేసి పెడితే నోరు తెరుచుకుని చూసింది.

"ఇలాగేటే మీ మేస్టారు కోసేది?"

"మేస్టారికి గంట పడతాది నాన్నమ్మా."

---

ఒకటిన్నరకి జగన్నాధం ఇంటికి వచ్చాడు. వీధి మొగలోనే ఎవరో చెప్పారు. చెప్పకపోయినా వాసన చెప్పేది. చింతపండు పులుసు, మెంతులు, చందువా కలిసిన వాసన వసారా దాటి వీధిలోకి వస్తోంది. ఆయన లోపలికి వచ్చి వీధి తలుపు గడియ పెట్టాడు.

నారాయణమ్మ నడవలో, తెరిచి ఉన్న పెట్టె పక్కన, కంచం ముందు కూర్చుంది. అన్నం వడ్డించి ఉంది. పులుసు వడ్డించి ఉంది. ఆమె ఇంకా ముట్టలేదు.

"ఏటమ్మా ఇది?" ఆయన కంచం వైపు చెయ్యి చూపించాడు. "కాశీలో, గంగలో ములిగి ఒగ్గీసిన వస్తువు…"

"నానేటి ఒగ్గినానో నీకు తెల్దేటి?"

జగన్నాధం తువ్వాలు భుజం మీంచి తీసి చేతికి చుట్టుకున్నాడు.

"మెట్ల కాడ మంత్రం సెప్పే పండా ఒక కాయ, ఒక పండు సెప్పమన్నాడు. కాకరకాయ, పనసపండు అన్నాను. నువ్వు నా పక్కనే ఉన్నావు. మొలలోతు నీళ్ళలో, నా సెయ్యి పట్టుకుని ఉన్నావు. సేప మాట నా నోట ఎప్పుడొచ్చింది?"

వంటింటి గుమ్మంలో లక్ష్మణమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. ఆమె వెనక నీలవేణి.

"కాకరకాయా?" అంది లక్ష్మణమ్మ, ఎవరితోనూ కాకుండా. కాకరకాయ వండిన రోజునల్లా అత్తగారు కడుపులో బాగోలేదని మజ్జిగ పోసుకుని లేచిపోవడం ఆమెకి గుర్తొచ్చింది. తన వంట నచ్చక కాబోలని తొమ్మిదేళ్ళు లోలోపల బాధపడింది. ఇప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జగన్నాధం స్తంభానికి ఆనుకున్నాడు. తరవాత పెట్టె మూత వేసి దాని మీదే కూర్చున్నాడు.

"కాశీ సంతర్పణ నాడు…" అన్నాడు. "నాకు ముందు, మనతో కాశీ వొచ్చిన సూరయ్య లేసినాడు. వాళ్ళమ్మ మామిడిపండు ఒగ్గీసిందన్నాడు. పంక్తి పంక్తంతా ఆహా అన్నాది. తరవాత అందరూ నా మొకం సూసినారు. కాకరకాయ అంటే నవ్వుతారని…"

"నవ్వితే నవ్వుదురు."

"నోట్లోంచి వొచ్చీసింది. సేప అనీసినాను."

"వంద విస్తళ్ళ ముందు కొడుకుని అబద్దికుణ్ణి సెయ్యనేక నాను ఊరుకున్నాను. ఆ పూటకని మూసిన నోరు ఇన్నేళ్ళు మూసుకున్నాను."

"తరవాతయినా సెప్పొచ్చు గదా నాతో."

"తరవాతయినా నువ్వు సెప్పొచ్చు గదా నలుగురితో."

పులుసు మీద ఆవిరి తగ్గింది. నీలవేణి చలికాలపు సాయంత్రాలు నూతి దగ్గర వణికిన స్నానాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, లెక్క తెగక మానేసింది. తండ్రి మీద పట్టరానంత కోపం వచ్చింది. పెట్టె మీద తల వంచుకు కూర్చున్న మనిషిని చూస్తే ఆ కోపం బయటికి రాలేదు.

నారాయణమ్మ కంచం ముందుకి జరిపింది. గొంతు పెంచలేదు.

"ఇదిగో సూడు. నీ మాట నిలబెట్టడానికి సేపనొగ్గినాను. నాకిష్టమయిన వస్తువది, నీకు తెలుసు. ఇప్పుడు నాను పిల్లకి మాటిచ్చినాను, తోడొస్తానని. నీ మాట నాను నిలబెట్టినాను. నా మాట నువ్వు నిలబెడతావా లేదా? నిలబెట్టనంటే ఈ కంచం ఎత్తుకుని వీధరుగు మీద కూకుంటాను. ఊరంతా సూస్తండగా తింటాను. లక్ష్మీనరసమ్మ ఎలాగూ నిలబడే ఉన్నాది."

"బెదిరిస్తన్నావా అమ్మా?"

"అవును."

జగన్నాధం లేచాడు. బల్ల మీంచి కాగితం తీశాడు. జేబులోంచి పెన్ను తీసి, విదిలించి, సంతకం పెట్టాడు. ఎప్పుడూ పెట్టే సంతకం కన్నా చిన్నది పెట్టాడు. నీలవేణి కాటుక డబ్బీ తెస్తే నారాయణమ్మ ఎడమ బొటనవేలు దానికి రాసి, వేలిముద్ర వేసింది. వాచిన జబ్బ కదిలినప్పుడు పళ్ళ బిగువున ఓర్చుకుంది.

"ఇంక ఆ కంచం తీసీ" అన్నాడు జగన్నాధం.

"ఆకలేస్తన్నాది నాయినా."

ఆయన మూసిన వీధి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "అయితే లోపలికెల్లి తిను. వంటింటి తలుపు కూడా ఏసుకుని…"

"తలుపులేసుకుని తినడానికి నాను దొంగనేటి?"

అంతలో ఎవరో వీధి తలుపు కొట్టారు.

"బావా! పట్టపగలు గడియేటి?"

నరసింగరావు. తలుపు వైపు ఎవరూ కదల్లేదు. జగన్నాధం తల్లిని చూశాడు. కంచాన్ని చూశాడు. దాన్ని ఎత్తి దాచెయ్యమని ఒక్కమాట అంటే లక్ష్మణమ్మ దాచేసేది. ఆయన ఆ మాట అనలేదు. వెళ్ళి తనే గడియ తీశాడు.

నరసింగరావు లోపలికి అడుగు పెట్టి, ముక్కు ఎగబీల్చి, ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు. "ఏటి బావా ఈ వాసన? ఈ ఇంట్లోనా?"

"ఈ ఇంట్లోనే. మా అమ్మ కాశీలో సేపనొగ్గలేదు బావా. నాను అబద్దం ఆడినాను."

"మరేటొగ్గింది?"

జగన్నాధం గొంతు సవరించుకున్నాడు. "కాకరకాయ."

నరసింగరావు నవ్వాడు. మామూలు నవ్వు కాదు. స్తంభం పట్టుకుని, ఉత్తరీయం కింద పడిపోయినా చూసుకోకుండా నవ్వాడు. జగన్నాధం అక్కడే నిలబడి ఆ నవ్వంతా విన్నాడు. ఇన్నేళ్ళూ ఏ నవ్వుకి భయపడ్డాడో అది ఇదే. కొద్దిసేపట్లో అయిపోయింది.

"కూకో నాయినా, నువ్వూ తిందువు గాని" అంది నారాయణమ్మ. ఆమె అప్పటికే ముద్ద కలిపింది. చందువా ముక్క విప్పి, ముల్లు తీసి పక్కన పెట్టి, ముద్ద చేతిలోకి తీసుకుంది.

నరసింగరావు కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు బల్ల మీద కాగితం కనబడింది. తడి ఆరని వేలిముద్ర కనబడింది. నవ్వు ఆగిపోయింది.

"సంతకం పెట్టీసినావేటి బావా?"

"పెట్టీసినాను."

"అయ్యో. నువ్వు పొద్దున్న సెప్పినట్టే నాను మేస్టారి కాడికి ఎల్లొచ్చీసినాను గదా! మా పిల్ల రాదు, పేరు కొట్టీమని సెప్పీసినాను. ఆయన నా ముందే కొట్టీసినారు. ఇంకెవరో కుర్రాడు కాసుకుని ఉన్నాడంట, ఆ పేరు రాసీసుకున్నారు."

నీలవేణి గోడకి చేరబడింది. లక్ష్మణమ్మ చేతిలో గరిటె కిందపడి, ఆ చప్పుడుకి అందరూ ఉలిక్కిపడ్డారు. పొద్దున్న గుమ్మంలో చెవిలో చెప్పిన మాట ఏమిటో ఆమెకి ఇప్పుడు తెలిసింది. ఈ గొడవలో ఆ మాటే మరిచిపోయిన జగన్నాధం నుదురు కొట్టుకున్నాడు.

"కారణం అడిగినారా ఆయన?" అంది నారాయణమ్మ.

"అడిగినారు. మామ్మగారు కాశీలో సేపనొగ్గీసినారు, అందుకు పంపరు అన్నాను. పాపం, ఆయన మీ నియమాన్ని ఎంతో మెచ్చుకున్నారు."

నారాయణమ్మ చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. దాన్ని మళ్ళీ కంచంలో పెట్టింది. ఇంకో కంచం తెప్పించి దాని మీద మూసింది. చెయ్యి కడుక్కుని, జబ్బ పట్టుకుని మెల్లిగా లేచింది.

"ఇది వొచ్చి తింటాను. నీలా, సెప్పులు తొడుక్కో. బస్సెన్నింటికి?"

"రెండింటికి" అంది నీలవేణి. అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది.

నెల్లిమర్ల జూట్ మిల్లు రెండు గంటల కూత మొదలైంది. అది ఆగేసరికి జగన్నాధం చిలక్కొయ్యకి తగిలించిన చొక్కా తీసి తొడుక్కుంటున్నాడు. గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. సంతకం పెట్టిన కాగితం మడిచి జేబులో వేసుకున్నాడు.

"నువ్వు జరంతో రాకమ్మా. నానెల్తాను" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "పొద్దున్న ఒకలాగా, ఇప్పుడు ఇంకొకలాగా… మేస్టారు ఏటని అడిగితే నానేటి సెప్పాల?"

నారాయణమ్మ కొంగు నడుముకి దోపుకుంది. ఆయన్ని దాటి ముందు తనే గడప దిగింది.

"కాకరకాయని సెప్పు" అంది.

ఎదురరుగు మీద లక్ష్మీనరసమ్మ ఇంకా బకెట్టుతోనే నిలబడి ఉంది. వీధి మలుపు అవతల బస్సు హారను వినబడింది.